పేరు చెప్పమ్మా

కోక్‌తాల్
ఆగస్టు ఆఖరు

కలీపా వదినకు సలాములు.

మీరు కులాసాయేనా, గుర్రాలు కులాసాయేనా, గడ్డికోత అయిందా అని ముందు అడగాలి. అడిగానే అనుకోండి. నా కడుపు మండిపోతోంది, ఆ సంగతి రాస్తే గానీ నాకు ఊపిరాడదు.

మా బాలవాడి ఆవరణలో గోడ లేచింది. వేసవి సెలవులకు తాళం వేసి వెళ్లాం, తిరిగొచ్చి తెరిచేసరికి ఆవరణ సగానికి సగం గోడ అవతలికి పోయింది. ఉయ్యాలలు అవతల, పిల్లలు ఇవతల. ఆప్రికాట్ చెట్లు మొదలంటా నరికేశారు. ఏమిటయ్యా ఇదని మేస్త్రీని అడిగితే, “ఫంక్షన్ హాలమ్మా, పైన అద్దాల గుమ్మటం కూడా వస్తుంది” అని నాకేదో శుభవార్త చెప్పినట్టు చెప్పాడు. ఈ ఊళ్లో ఫంక్షన్ హాళ్లకు కరువొచ్చిందా వదినా? పెళ్లి కావలసిన కుర్రాళ్లంతా రష్యాలో ఇటుకలు మోస్తున్నారు. ఇక్కడ హాళ్లు మాత్రం పుట్టగొడుగుల్లా లేస్తున్నాయి.

మున్సిపాలిటీకి వెళ్లాను. బాలవాడి పెద్ద టీచరును కదా, కూర్చోమనైనా అంటారనుకున్నాను. అనలేదు. నిలబెట్టే మాట్లాడారు. ఎన్నికలయ్యాక కొత్త కౌన్సిల్ మొదటి సమావేశంలో ఒక్క తీర్మానం చేస్తే చాలట, ఆ స్థలం హాలు వాళ్ల సొంతమైపోతుందట. “అంటే ఇంకా వాళ్లది కాలేదన్నమాట. మరి గోడ ఎలా కట్టారు?” అన్నాను. గుమాస్తా నవ్వి, “ఇంటికెళ్లి మీ అత్తగారికి టీ పోయండి” అన్నాడు. పోస్తూనే ఉన్నాను కదయ్యా, పెళ్లయిన నాటి నుంచీ.

ఆ హాలు ఎవరిదో మీకు నేను చెప్పనక్కర్లేదు. బోర్డు మీద పెద్దింటాయన బావమరిది పేరుంది గానీ ఊళ్లో చంటిపిల్లకి కూడా తెలుసు. ఊరిని కాపాడమని ఛైర్మన్‌ని చేస్తే కంచే చేను మేసింది.

అందుకని ఏడో వార్డు నుంచి కౌన్సిలర్‌గా నామినేషన్ వేశాను. తీర్మానం రోజున ఆ గదిలో కాదనడానికి ఒక్క గొంతైనా ఉండాలి. రష్యాలో పనికి వెళ్లిన మీ తమ్ముడు ఎర్మెక్‌కు ఇంకా చెప్పలేదు. అత్తగారికి చెప్పాను. టీ గిన్నె పక్కన పెట్టి లోపలికి వెళ్లిపోయారు.

ఫోన్ చేద్దామంటే మీ కొండ మీద సిగ్నల్ కోసం గుట్టెక్కి అరవాలి, మీరు అరిస్తే మీ ఊరంతా వింటుంది. అందుకే వ్యాను అతనితో ఉత్తరం పంపుతున్నాను.

మీ మరదలు
జూరా


ఊచ్-కాయిన్
సెప్టెంబరు

జూరాకు,

గడ్డికోత అయింది. గోధుమరంగు గుర్రానికి కాలు బెణికింది. నేను బాగానే ఉన్నాను, నీ ఉత్తరం చదివేదాకా.

నీకు ముక్కు మీద కోపమని, సంబంధం ఖాయం చేసి నీ చెవులకు పోగులు పెట్టడానికి వచ్చిననాడే నాకు అర్థమైంది. పోగు కాస్త బిగుతుగా ఉందని నన్నే కసిరావు. అప్పుడే అమ్మతో అన్నాను, ఈ పిల్ల మన ఇంట్లో ఇమడదని. ఇరవై ఏళ్లు ఇమిడావు. ఇప్పుడేం పుట్టింది?

తాష్తాన్ నా తమ్ముడు. నీ మొగుడు ఎర్మెక్ కూడా నా తమ్ముడే. ఆ ఇద్దరి మధ్య నువ్వు గొడ్డలి పుచ్చుకుని నిలబడ్డావు. తాష్తాన్ మంచివాడని నేననను. చిన్నప్పుడు నా వాటా నాన్ రొట్టె కూడా వాడే తినేవాడు. కానీ మా ఆయన మంచాన పడ్డప్పుడు కారు పంపి కొండ దింపింది వాడు. అమ్మకు కళ్ల ఆపరేషన్ చేయించింది వాడు. ఎలాంటివాడైనా మనవాడు.

సరే, నామినేషన్ వేశావు. రేపు మైకు పట్టుకుంటావు. పట్టుకుని ఏమంటావు? మన కోడళ్లు మామగారి పేరు, బావగారి పేరు చచ్చినా నోట పలకరు. నువ్వు గడప దాటి వచ్చిననాడు నీ తలకు తెల్లగుడ్డ చుట్టి ఆ మాట చెప్పింది నేనే. ఇన్నేళ్లలో ఒక్కసారైనా తాష్తాన్ అన్నావా? అంత కోపంతో రాసిన ఉత్తరంలో కూడా పెద్దింటాయన అనే రాశావు. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. పేరే పలకలేని మనిషితో నీకు పోట్లాట ఏమిటి పిల్లా?

నామినేషన్ వెనక్కి తీసుకో. గోడ సంగతి వాడితో నేను నెమ్మదిగా మాట్లాడతాను.

కలీపా


కోక్‌తాల్
అక్టోబరు మొదట్లో

వదినా,

మీరు నెమ్మదిగా మాట్లాడేలోపు ఆ గోడకు గుమ్మటం కూడా వచ్చేట్టుంది.

నన్ను ఉద్యోగంలోంచి తీసేశారు. ఎన్నికల్లో నిలబడ్డ మనిషి పిల్లల మధ్య ఉండకూడదట. ఆ రూలు ఎక్కడుందో చూపించమన్నాను. చూపిస్తామన్నారు, ఇంకా వెతుకుతున్నట్టున్నారు. మంచిదే, ఇప్పుడు రోజంతా ఖాళీ, ఇల్లిల్లూ తిరుగుతున్నాను. మగవాళ్లు తలుపు తీసి “ఆలోచిస్తాం” అంటారు. ఆడవాళ్లు పెరట్లోకి పిలుస్తారు. “పెద్దింటాయన” అని మొదలుపెడతానో లేదో కిసకిస నవ్వుతారు. వాళ్లూ కోడళ్లే కదా, ఒక్కొక్కరి ఇంట్లో ఒక్కో పెద్దింటాయన. ఒకామె వాళ్ల బావగారిని పేరు బదులు “గొర్రెల కొట్టం” అంటుందట. నేను కూడా నవ్వాను.

మొన్న టౌను హాల్లో మాత్రం ఆ నవ్వే నా గొంతుకు అడ్డం పడింది.

అభ్యర్థుల సభ అది. నా మీద నిలబెట్టింది ఎవరినో తెలుసా, వాళ్ల కారు డ్రైవరు సమాత్‌ని. అతను మాట్లాడుతుంటే ఎత్తు మీద బండి ఈడ్చినట్టుంది. అందుకే అతని బదులు పెద్దింటాయనే వచ్చి ముందు వరసలో కూర్చున్నారు. నా వంతు రాగానే అడిగేశాను, బాలవాడి స్థలాన్ని ఛైర్మన్ ఎవరిని అడిగి అమ్ముతున్నారని. ఆయన తాపీగా లేచి, టోపీ సర్దుకుని, “ఏ ఛైర్మన్ అమ్మా? ఆ కుర్చీలో చాలామంది కూర్చున్నారు. కొందరు చచ్చి స్వర్గానున్నారు. వాళ్లను అంటున్నావా? పేరు చెప్పమ్మా” అన్నారు.

నోరు తెరిచాను వదినా. రాలేదు.

నాలుక పళ్ల దాకా వచ్చి ఆగిపోయింది. హాలంతా నా నోటికేసి చూస్తోంది. “మా... పెద్ద...” అన్నాను. ఎవరో కిసుక్కుమన్నారు. ఆయన జనం వైపు తిరిగి, “చూశారా, మా మరదలు మర్యాద తెలిసిన పిల్ల. ఇలాంటి కోడలు దొరకడం మా అదృష్టం. ఓటు మాత్రం సమాత్‌కు వేయండి” అన్నారు. హాలు గొల్లుమంది. ముసలాళ్లు నన్ను చూసి మెచ్చుకోలుగా తలలూపారు. తిట్టినా బాధపడేదాన్ని కాదు, ఆ మెచ్చుకోలుకి ఒళ్లు భగ్గున మండింది.

ఇంటికొచ్చి పాకలోకి వెళ్లి, ఆవు ముందు నిలబడి ఆ పేరు అందామని చూశాను. ఆవు ముందు కూడా రాలేదు. నా మీద నాకే అసహ్యమేసింది. నోట్లో నాలుక లేనిదాన్నని నన్ను ఈ ఊళ్లో ఎవరూ అనలేదు ఇప్పటిదాకా.

పిల్లల్ని ఇప్పుడు గోడ పక్కన సందులో వరసగా నడిపిస్తున్నారట, ఆటల పీరియడ్‌కు. ఆడుకోవడం కాదు, నడవడం.

జూరా


ఊచ్-కాయిన్
అక్టోబరు

జూరాకు,

తాష్తాన్ వచ్చి వెళ్లాడు. గొర్రెను కోయించాడు. తలకాయ నా ముందే పెట్టాడు, ఇంటి పెద్దాడపడుచుని కదా. గోడ సంగతి ఎత్తాను. “అక్కా, పిల్లలకు ఇంకోచోట ఇంకా పెద్ద స్థలం ఇస్తాను” అన్నాడు. ఎక్కడ అంటే చేత్తో ఇటూ అటూ చూపించాడు.

ఎన్నికకు ముందు శుక్రవారం, కట్టుబడిలో ఉన్న ఆ హాల్లోనే వార్డంతటికీ విందు పెడుతున్నాడు. విందయ్యాక చేతులు చాచి దీవెన చెప్పమన్నాడు నన్ను. సొంత అక్క, ఇంటి పెద్దాడపడుచు, అందరి ముందు దీవిస్తే ఇక నీ మాట ఎవరూ వినరని వాడి లెక్క. ఆ మాట వాడు అనలేదు, నేను తెలుసుకోలేని దాన్నా?

వస్తానన్నాను. దాచి చేసే పని కాదు గనక నీకు ముందే రాస్తున్నాను. గొర్రె తలకాయ తిన్న నోటితో కాదనడం నాకు చేతకాదు.

చలి మొదలైంది. అమ్మకు ఊలు మేజోళ్లు పంపుతున్నాను.

కలీపా


కోక్‌తాల్
అక్టోబరు ఆఖరు

కలీపా వదినకు,

మేజోళ్లు అందాయి. అత్తగారు వేసుకున్నారు.

రండి. తప్పకుండా రండి. పిల్లల ఉయ్యాలలున్న చోట తివాచీ పరిచి ఉంచుతారు, మెత్తగా కూర్చోండి. నన్నూ పిలిచారు లెండి. కౌన్సిల్ అభ్యర్థినని కాదు, ఇంటి కోడలినని, టీ పోయడానికి. మీ గిన్నెలో కూడా నేనే పోస్తాను. పాలు ఎక్కువ వేయాలో తక్కువ వేయాలో నాకు గుర్తుంది.

ఎర్మెక్ కజాన్ నుంచి ఫోన్ చేశాడు. ఎవరు చెప్పమన్నారో ఆ మాటలే చెప్పాడు. తప్పుకోకపోతే తను ఇంటికి రాడట. ఎప్పుడొచ్చావు గనక రాకపోవడానికి అన్నాను. తరవాత ఏడ్చాను, అది వేరే సంగతి.

ఒక్కటడుగుతాను, మీరు జవాబు రాయక్కర్లేదు. నా తలకు తెల్లగుడ్డ చుట్టి, పెద్దల పేరు పలకకు అని చెప్పారు. కొత్త కోడలిని, సరే అన్నాను. పెద్దలు ఏం చేస్తే పేరు పలకవచ్చో కూడా ఆ రోజే చెప్పి ఉండాల్సింది కదా. దొంగతనం చేస్తే పలకవచ్చా? పిల్లల నోటి దగ్గరది లాక్కుంటే? మీ మర్యాదలన్నీ కోడళ్ల నోటికేనా వదినా, మగవాళ్ల చేతులకు ఏమీ లేవా?

నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మీరే అంటారు. ఇరవై ఏళ్లు మంచి నోరే పెట్టుకున్నాను. ఊరు ఎలా ఉందో వచ్చి చూడండి.

జూరా


ఊచ్-కాయిన్
నవంబరు

జూరాకు,

నీ మీద నాకు కోపం పోలేదు. అది ముందు రాస్తున్నాను, తరవాత రాసేది చదివి పోయిందనుకుంటావేమోనని.

విందులో నువ్వు టీ కూజా పట్టుకుని ఆ చివర ఉన్నావు. తివాచీ మీద వాడి పక్కన కూర్చున్నది నేను. అక్కడ నీకు వినబడని మాటలు నాకు వినబడ్డాయి.

మాంసం పంచడం అయింది. తాష్తాన్ లేచి, టౌను హాల్లో ఆడిన వేళాకోళమే మళ్లీ మొదలుపెట్టాడు. “మా మరదలు ఇక్కడే ఉంది, మీకు టీ పోస్తోంది. ఎవరి మీద ఫిర్యాదో ఇప్పుడైనా చెప్పమనండి. పేరు చెప్పమ్మా” అన్నాడు. జనం నవ్వారు. నేను కూడా నవ్వాను, అబద్ధమెందుకు. నువ్వు కూజా కింద పెట్టావు. తలగుడ్డ సరిచేసుకున్నావు. “తాష్తాన్. జాపార్ కొడుకు తాష్తాన్. ఈ నేల పిల్లలది. దీన్ని అమ్ముకుంటున్నది నువ్వు” అన్నావు.

బావగారి పేరొక్కటే కాదు, చచ్చి మట్టిలో ఉన్న మామగారి పేరు కూడా పలికావు. నా వీపు మీద చన్నీళ్లు పోసినట్టయింది. అమ్మ తలగుడ్డ కొసతో మొహం కప్పుకుంది. ముసలాళ్లు ముగ్గురో నలుగురో బూట్లు కూడా సరిగ్గా వేసుకోకుండా లేచి వెళ్లిపోయారు. ఆ క్షణంలో నువ్వు దగ్గరుంటే చెంప పగలగొట్టేదాన్నే.

అప్పుడు తాష్తాన్ నా చెవి దగ్గరకు వంగాడు. “తొందరగా దీవించు అక్కా, పని కానిద్దాం. చలికాలం లోపు దీన్ని ఆ ఇంట్లోంచి బయటికి పంపించేస్తాను. అమ్మను నా దగ్గరకు తెచ్చుకుంటా. ఎలాగూ హాలుకు కార్లు నిలుపుకోవడానికి ఆ జాగా కావాలి” అన్నాడు.

జూరా, ఆ ఇల్లు ఎర్మెక్‌ది. తండ్రి పొయ్యి చిన్నకొడుకుది అన్న మర్యాద మన తాతల తాతల నాటిది. పెద్దవాళ్లు వేరే ఇల్లు కట్టుకుని వెళ్లాలి, చిన్నవాడు ఆ పొయ్యి కాపాడాలి. ఎంత కానివాడైనా తమ్ముడి పొయ్యి మీద చెయ్యి వేయడు. కోడలు పేరు పలకకూడదన్న మర్యాద వాడికి కావాలి. చిన్నవాడి ఇల్లు చిన్నవాడిదే అన్న మర్యాద మాత్రం అక్కర్లేదు. తనకు పనికొచ్చే మర్యాదను కాపలాకు పెట్టి, పనికిరానిదాన్ని పాతేస్తాడన్నమాట. పొద్దున ఆ గోడ పక్కన పిల్లలు ఖైదీల్లా నడవడం కూడా చూసి వచ్చాను. అప్పుడు పళ్లు బిగబట్టుకుని ఊరుకున్నాను. ఇప్పుడు ఊరుకోలేకపోయాను.

అందరూ దీవెన కోసం అరచేతులు చాచారు. నా చేతులు నా ఒళ్లోనే ఉన్నాయి. ఎంతసేపు ఉన్నాయో నాకు తెలియదు. దీవెన కాకుండా విందు మీద నుంచి లేవకూడదు గనక, అంతమందీ చేతులు చాచుకునే కూర్చున్నారు. తాష్తాన్ “అక్కా” అన్నాడు. మళ్లీ “అక్కా” అన్నాడు. నేను లేచి, బూట్లు వేసుకుని, వ్యాను ఎక్కి వచ్చేశాను.

నిన్ను దీవించలేదు, గుర్తుపెట్టుకో. మా నాన్న పేరు పలికినందుకు నువ్వు నాకు క్షమాపణ బాకీ. వాడిని కూడా దీవించలేదు. నాకు తమ్ముళ్లు ఇద్దరుండేవాళ్లు, ఇప్పుడొక్కడే. ఇంటి సంగతి ఎర్మెక్‌కు నేనే గుట్టెక్కి ఫోన్ చేసి చెప్పాను. ఊరంతా విన్నారు, విననీ.

కలీపా


కోక్‌తాల్
డిసెంబరు

వదినా,

మామగారి పేరు పలికినందుకు మన్నించండి. అది కోపంలో వచ్చింది. ఆయన కొడుకు పేరు పలికినందుకు మాత్రం మన్నించమని అడగను.

గెలిచాను. మీకు ఈపాటికే తెలిసి ఉంటుంది. బొటాబొటి గెలుపు. మా వార్డు మగవాళ్లు ఎవరికి వేశారో తెలియదు గానీ, పోలింగ్ రోజు ఆడవాళ్లు నన్ను దాటి వెళ్తూ తలెత్తి చూడలేదు, తలగుడ్డ కొసలు మాత్రం పళ్ల మధ్య పెట్టుకుని నవ్వాపుకున్నారు. అర్థమైంది నాకు. వంశంలో మాత్రం రెండిళ్లవాళ్లు నన్ను చూసి తలుపేశారు. అత్తగారు నాతో మాట మానేశారు, గిన్నె తీసుకుని తన గదిలోనే తింటున్నారు. ఎర్మెక్ ఫోన్ చేసి, వసంతానికి వస్తాను, ఇంటి తాళం మార్చు అన్నాడు. పెళ్లయ్యాక అతను నాకు చెప్పిన మంచి మాటల్లో అదొకటి.

నిన్న కౌన్సిల్ మొదటి సమావేశం. పెద్దింటాయన్నే మళ్లీ ఛైర్మన్‌ని చేశారు, ఎదురులేకుండా. తరవాతి అంశం బాలవాడి స్థలం. చదవడం కూడా పూర్తి కాలేదు, “సమ్మతమైనవాళ్లు చేతులెత్తండి” అన్నారు. నేను లేచాను. చేతులు వద్దు, రూలు ప్రకారం ఒక్కొక్కరు లేచి తమ పేరు చెప్పి, అవునో కాదో చెప్పాలి అన్నాను. అలాంటి రూలు ఉందా అని గుసగుసలు పోయారు. ఉంది. వాళ్లే ఎప్పుడో చేసుకుని మర్చిపోయారు. సెక్రటరీ ముసలాయన పుస్తకం చూసి, గొంతు సవరించుకుని, ఉందన్నాడు.

తలుపులు తెరిచే ఉన్నాయి. నడవాలో బాలవాడి తల్లులు నిండిపోయి ఉన్నారు. వాళ్లలో ఒకామె ఒక కౌన్సిలర్ కోడలు, ఇంకొకామె ఇంకొకాయన పక్కింటావిడ. వాళ్లు ఊరికే చూస్తూ నిలబడ్డారు.

మొదటాయన సగం లేచాడు. “నా పేరు” అన్నాడు. తలుపు వైపు చూశాడు. కూర్చున్నాడు. దగ్గు వచ్చిందన్నాడు. పక్కాయనకు ఫోన్ వచ్చింది, మోగని ఫోన్. ఇంకొకాయన నమాజు వేళయిందని వెళ్లిపోయాడు, ఆయన మసీదు మొహం చూసి ఎన్నేళ్లయిందో. నాకు చిర్రెత్తుకొచ్చింది. “అయ్యా, మిమ్మల్ని బావగారి పేరు చెప్పమనడం లేదు, మీ పేరే మీరు చెప్పమంటున్నాను. నన్ను మైకు ముందు నిలబెట్టి నవ్వారు కదా. ఇప్పుడు చెప్పండి, నవ్వకుండా వింటాను” అన్నాను. ఎవ్వరూ చెప్పలేదు. చివరికి పెద్దింటాయన వంతు వచ్చింది. ఆయన పెన్ను మూత పెట్టి, తీసి, పెట్టి, సభ వాయిదా అన్నారు.

గోడ అలాగే ఉంది. రేపు మళ్లీ పిలిచారు, ఈసారి తలుపులు మూస్తారట. తల్లులు కిటికీల కింద నిలబడతామన్నారు, మంచు పడుతున్నా సరే.

ఇంటికొచ్చి అత్తగారి గది ముందు టీ గిన్నె పెట్టాను. సభ సంగతి ముందే చేరినట్టుంది, లోపల్నుంచి అడిగారు, ఇన్నాళ్లకు. “ఎవరెవరు పేరు చెప్పారు?” ఎవరూ చెప్పలేదత్తయ్యా అన్నాను. “నా పెద్దకొడుకు?” అన్నారు. ఆయన కూడా చెప్పలేదన్నాను.

తలుపు కాస్త తెరుచుకుంది. ఆవిడ నావైపు చూడలేదు. “ఇద్దరు మగబిడ్డలు పోయాక పుట్టాడు వాడు. వీడైనా రాయిలా నిలబడాలని రాయి పేరే పెట్టుకున్నాను” అన్నారు. గిన్నె తీసుకోకుండానే తలుపు వేసేశారు.

జూరా